కోడుకీ కుంచెకీ ఒకే డెస్క్‌టాప్: లినక్స్ సెటప్ డైరీ

ఈ మెషీన్ మీద రెండు రకాల పనులు నడవాలి. ఒకటి ప్రోగ్రామింగ్: పైథాన్, రస్ట్, అప్పుడప్పుడు నోడ్. రెండోది బొమ్మలు, కొంచెం త్రీడీ యానిమేషన్, కొంచెం ఆడియో రికార్డింగు. విడివిడిగా చూస్తే లినక్స్‌లో దేనికీ లోటు లేదు. రెండిటినీ ఒకే చోట పెట్టినప్పుడే పేచీ. కోడు రాసే పూట ప్రతి టూలూ కొత్త వెర్షనే కావాలనిపిస్తుంది. బొమ్మ వేసే పూట మాత్రం నిన్న పెన్ను ఎలా నడిచిందో ఇవాళా అలాగే నడవాలి, కింద ఎవరూ ఏమీ కదపకూడదు.

అందుకని ఇన్‌స్టాల్ మొదలుపెట్టే ముందే ఒక నియమం రాసుకున్నాను: కిందున్న సిస్టమ్ కదలదు, కదిలేవన్నీ దాని పైన విడిగా ఉంటాయి. ఆ నియమం ఎంతవరకు నిలబడుతుందో చూడటమే ఈ డైరీ.

హార్డ్‌వేర్ క్లుప్తంగా: 8 కోర్లు, 16 థ్రెడ్ల ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, ఏఎండీ గ్రాఫిక్స్ కార్డు, ఎన్‌వీఎంఈ డిస్కులు రెండు (1 టీబీ, 2 టీబీ), 2560×1440 మానిటర్ ఒకటి, దాని పక్కన పాత 1920×1080 మానిటర్, ఒక పెన్ టాబ్లెట్, ఒక యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్.

శనివారం: పునాది

లినక్స్ రకాల్లో (డిస్ట్రోల్లో) డెబియన్ 13 తీసుకున్నాను. 2025 ఆగస్టు 9న వచ్చిన విడుదల ఇది, ముద్దుపేరు ట్రిక్సీ. మూడేళ్లు పూర్తి సపోర్టు, ఆపైన రెండేళ్లు ఎల్‌టీఎస్ (దీర్ఘకాలపు) సపోర్టు. కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) 6.12, డెస్క్‌టాప్ ప్లాస్మా 6.3. ఆర్చ్ ఎందుకు వద్దు, ఫెడోరా ఎందుకు వద్దు అని అడిగేవాళ్లుంటారు. రెండూ మంచివే. కానీ నాకు కావాల్సింది అప్‌డేట్ చేసిన మర్నాడు కూడా ఏమీ మారనట్టుండే సిస్టమ్. ఆ విషయంలో డెబియన్‌ని కొట్టేది లేదు.

ఇన్‌స్టాలర్‌లో రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. రూట్ పాస్‌వర్డ్ అడిగిన చోట ఖాళీగా వదిలేస్తే మన యూజర్‌కి సుడో హక్కు (అడ్మిన్ కమాండ్లు నడిపే హక్కు) దానంతటదే వస్తుంది. అక్కడ పాస్‌వర్డ్ ఇస్తే సుడో సెటప్ మనమే చేసుకోవాలి. రెండోది ఫర్మ్‌వేర్. ఒకప్పుడు వైఫై, గ్రాఫిక్స్ ఫర్మ్‌వేర్ కోసం వేరే ఇమేజ్ వెతుక్కోవాల్సి వచ్చేది. డెబియన్ 12 నుంచి అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే పెడుతున్నారు కాబట్టి ఆ తంటా లేదు. ఏఎండీ కార్డుకి డ్రైవరు కెర్నల్‌లోనే ఉంది, గ్రాఫిక్స్ లైబ్రరీ మెసా తోడుగా వస్తుంది, విడిగా ఏదీ వేయక్కర్లేదు.

డిస్కుల పంపకం ఇలా: మొదటి డిస్కులో ఈఎఫ్ఐకి (బూట్ ఫైళ్లకి) 1 జీబీ, రూట్‌కి (సిస్టమ్‌కి) 120 జీబీ, ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్‌తో, మిగిలిందంతా హోమ్ (నా సొంత ఫైళ్లు). రెండో డిస్కు మొత్తం ‘పని’ అనే ఒక్క ఫోల్డరు కింద మౌంట్. రెండర్లు, ఆడియో టేకులు, కాష్‌లు, పారేసినా బాధలేనివి అన్నీ అందులోకి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టమ్ ఇచ్చే స్నాప్‌షాట్ల (వెనక్కి వెళ్లడానికి దాచే నకళ్ల) మీద ఒక కన్నుంది కానీ, కదలని సిస్టమ్‌కి స్నాప్‌షాట్ల అవసరం ఎంత? హోమ్ విడిగా ఉంటే రూట్‌ని తుడిచి మళ్లీ వేసుకోవడం అరగంట పని.

ఆదివారం: కోడు వైపు

సిస్టమ్ పైథాన్‌ని ముట్టుకోకూడదు. డెబియన్ 12 నుంచి, పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌తో నేరుగా సిస్టమ్‌లోకి ఏదైనా వేయబోతే, ఈ పరిసరం బయటివాళ్ల నిర్వహణలో ఉంది అని ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. పెప్ 668 అనే ప్రమాణం ప్రకారం వచ్చిన కట్టడి అది. దాన్ని దాటడానికి ఒక ఫ్లాగు ఉంది, దాని పేరే ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’. ఇంతకన్నా స్పష్టంగా ఎవరైనా ఎలా హెచ్చరిస్తారు? అయినా వెబ్‌లో సగం జవాబులు అదే వాడమంటాయి. నేను దానికి బదులు యూవీ అనే టూల్ వేసుకున్నాను. ప్రాజెక్టుకో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, కావాల్సిన పైథాన్ వెర్షన్ కూడా అదే దించుకుంటుంది, అంతా హోమ్‌లోనే. రస్ట్‌కి రస్టప్, అదీ హోమ్‌లోనే.

సిస్టమ్ లైబ్రరీలు అడిగే ప్రాజెక్టులకు కంటైనర్లు (విడిగా ఉండే చిన్న సిస్టమ్‌లు) నడిపే పాడ్‌మ్యాన్, దాని పైన వేరే లినక్స్‌ని కంటైనర్‌గా తెరిచే డిస్ట్రోబాక్స్. కొత్త జీసీసీ కంపైలర్ కావాలంటే ఫెడోరా కంటైనర్ ఒకటి లేపి అందులో దాని ప్యాకేజీ మేనేజర్ డీఎన్‌ఎఫ్‌తో వేసుకోవడమే. కింద డెబియన్‌కి ఈ గొడవేదీ తెలియదు. ప్రాజెక్టు అయిపోయాక కంటైనర్‌ని తీసి పారేస్తే వంద ప్యాకేజీలు ఒక్క దెబ్బతో పోతాయి.

ఒక్కటి మాత్రం చూసుకోవాలి. డిస్ట్రోబాక్స్ మామూలుగా మన హోమ్ ఫోల్డర్‌నే కంటైనర్ లోపల కూడా చూపిస్తుంది. ఫైళ్లకి అది సుఖమే. కానీ లోపల నడిపిన ప్రోగ్రామ్ సెట్టింగులు కూడా మన అసలు హోమ్‌లోనే రాస్తుంది. లోపల ఒక వెర్షన్, బయట ఒక వెర్షన్ ఉన్న ప్రోగ్రామ్ అయితే ఒకదాని సెట్టింగుల మీద ఇంకొకటి రాసుకుంటుంది. కంటైనర్ తయారు చేసేటప్పుడే హోమ్ ఆప్షన్‌తో వేరే ఫోల్డర్ ఇచ్చేస్తే ఆ పీడ ఉండదు. ప్రయోగాలకి వాడే కంటైనర్లన్నిటికీ అలాగే ఇచ్చాను.

మంగళవారం రాత్రి: తెలుగు

ఇది లేకపోతే మిగతాదంతా ఉన్నా లేనట్టే. వేల్యాండ్ (తెర మీద కిటికీలు చూపించే కొత్త పద్ధతి) మీద నడిచే ప్లాస్మాలో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వాడేవాళ్లకి అసలు పనే లేదు, కీబోర్డు లేఅవుట్లలో తెలుగు కలుపుకుంటే చాలు. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే అలవాటున్నవాళ్లకి ఎఫ్‌సీఐటీఎక్స్5 అనే ఇన్‌పుట్ ప్రోగ్రాము, దానికి భాషల పద్ధతులిచ్చే ఎం17ఎన్ కావాలి. అందులో ఐట్రాన్స్, ఆర్‌టీఎస్ పద్ధతులు రెండూ దొరుకుతాయి. వేసిన తర్వాత సిస్టమ్ సెట్టింగ్స్‌లో వర్చువల్ కీబోర్డు పేజీకి వెళ్లి ఎఫ్‌సీఐటీఎక్స్‌ని ఎంచుకోవాలి. పేరు చూస్తే టచ్‌స్క్రీన్ వ్యవహారంలా ఉంటుంది కాబట్టి చాలామంది ఆ పేజీ తెరవనే తెరవరు.

ఫాంట్లకి నోటో సాన్స్ తెలుగు, లోహిత్ రెండూ ఉన్నాయి. తెలుగుకి సిస్టమ్ దేన్ని ఎంచుకుంటోందో ఎఫ్‌సీ-మ్యాచ్ కమాండ్‌కి భాష కోడు ఇచ్చి అడిగితే చెబుతుంది. నచ్చకపోతే ఫాంట్‌కాన్ఫిగ్ ఫైల్లో ముందు వరుస మార్చుకోవచ్చు.

టెర్మినల్లో తెలుగు సంగతి వేరు. టెర్మినల్ అంతా సమానమైన గళ్ల మీద నడుస్తుంది. ఒత్తులు, గుణింతాలు గళ్లలో ఇమడవు, క్ష్మ లాంటిది వస్తే కర్సర్ ఎక్కడుందో మనకీ తెలియదు, దానికీ తెలియదు. అక్కడ సర్దుకుపోవడమే. కానీ ఫైళ్ల మార్పులు గుర్తుంచుకునే గిట్ చేసే ఒక పని మాత్రం సరిచేయొచ్చు. ఫైలుకి తెలుగు పేరు పెడితే గిట్ స్టేటస్‌లో పేరుకి బదులు స్లాష్ 340, స్లాష్ 260 అంటూ అంకెల వరుస కనిపిస్తుంది. తెలుగు అక్షరం ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు, ఆ బైట్లని గిట్ ఆక్టల్ అంకెల్లో చూపిస్తోందన్నమాట. కోర్ డాట్ కోట్‌పాత్ అనే సెట్టింగుని ఫాల్స్ చేస్తే పేరు పేరులా వస్తుంది. అన్నట్టు ఎక్స్‌ట్4లో ఫైలు పేరు హద్దు 255 బైట్లు. తెలుగులో అంటే గుణింతపు గుర్తులు, పొల్లులతో కలిపి 85 క్యారెక్టర్లు. పెద్ద పేర్లు పెట్టే అలవాటున్నవాళ్లు లెక్క చూసుకోండి.

బొమ్మల ప్రోగ్రాముల్లో ఇంక్‌స్కేప్ తెలుగుని తప్పుల్లేకుండా చూపిస్తుంది. పేజీ లేఅవుట్‌కి స్క్రైబస్ 1.6 బాగుంది. పాత 1.4లో విడిపోయే ఒత్తులు ఇప్పుడు కుదురుగా కూర్చుంటున్నాయి. బ్లెండర్‌లో త్రీడీ తెలుగు అక్షరాలు కావాలంటే మాత్రం ఇంక్‌స్కేప్‌లో రాసి, పాత్‌గా మార్చి, ఎస్‌వీజీగా తెచ్చుకోవడమే నమ్మకమైన దారి.

తర్వాతి శనివారం: పెన్ టాబ్లెట్

టాబ్లెట్ తగిలించగానే పని చేసింది. చాలా కంపెనీల టాబ్లెట్లకి డ్రైవర్లు కెర్నల్‌లోనే ఉన్నాయి. వాకమ్‌కి ఒకటి, మిగతా వాటిలో చాలావాటికి డిజిమెండ్ ప్రాజెక్టు నుంచి వచ్చిన యూసీలాజిక్ డ్రైవర్. అవి గుర్తుపట్టని మోడల్ అయితే ఓపెన్‌టాబ్లెట్‌డ్రైవర్ ఉంది. కానీ రెండు డ్రైవర్లు ఒకే టాబ్లెట్ కోసం కొట్టుకోకుండా కెర్నల్ మాడ్యూల్‌ని బ్లాక్‌లిస్టులో పెట్టాలి. నాకు ఆ అవసరం రాలేదు.

‘పని చేసింది’ అంటే కర్సర్ కదిలింది, ఒత్తిడి తెలిసింది అని. గుండ్రం గీస్తే గుండ్రం రావడం వేరే మెట్టు. టాబ్లెట్ గీసే భాగం 10 అంగుళాలు × 6.25 అంగుళాలు, అంటే 16:10. రెండు మానిటర్లు కలిపితే మొత్తం తెర 4480×1440, అంటే దాదాపు 3.1:1. టాబ్లెట్‌ని మొత్తం తెరకి మ్యాప్ చేసి వదిలేస్తే చేతితో గీసిన గుండ్రం తెర మీద ఎత్తుకి దాదాపు రెట్టింపు వెడల్పున్న కోడిగుడ్డు అవుతుంది. ఒక్క మానిటర్‌కే మ్యాప్ చేస్తే చాలా మెరుగు. అయినా 16:10 టాబ్లెట్‌కీ 16:9 తెరకీ తేడా ఉండనే ఉంది, గుండ్రం 11 శాతం సాగుతుంది. ఈ 11 శాతమే ప్రమాదం. రెట్టింపు సాగితే వెంటనే తెలుస్తుంది, 11 శాతం సాగితే మన చేతి మీద అనుమానం వస్తుంది. ముఖం గీస్తే ఎందుకో వెడల్పుగా వస్తోందని నెలల తరబడి సాధన చేసేవాళ్లుంటారు.

లెక్క సులువే. 10 అంగుళాల వెడల్పుని 16తో భాగించి 9తో గుణిస్తే 5.625. టాబ్లెట్ ఎత్తులో అంతే వాడి, కింద మిగిలిన 0.625 అంగుళాల పట్టీని వదిలేయాలి. ప్లాస్మా 6.3లో డ్రాయింగ్ టాబ్లెట్ పేజీని తిరగరాశారు. మానిటర్ ఎంపిక, గీసే భాగం మ్యాపింగ్ అన్నీ అక్కడే ఉన్నాయి. వేల్యాండ్‌కి ముందున్న ఎక్స్11 రోజుల్లో ఎక్స్‌సెట్‌వాకమ్ కమాండ్‌తో స్క్రిప్టులు రాసుకున్నవాళ్లు గమనించాల్సింది ఏమిటంటే, వేల్యాండ్‌లో ఆ కమాండ్ పని చేయదు, డెస్క్‌టాప్ సెట్టింగులే దిక్కు. మ్యాపింగ్ అయ్యాక ఒక రూపాయి నాణేన్ని టాబ్లెట్ మీద పెట్టి చుట్టూ గీసి చూడండి. కంటితో కాదు, బొమ్మలు వేసే క్రీటాలో సెలక్షన్ పెట్టి పొడవు వెడల్పుల పిక్సెళ్లు చూడండి.

ఒత్తిడి వక్రరేఖని క్రీటా సెట్టింగుల్లోనే సరిచేసుకున్నాను, పక్కనే టెస్టర్ కూడా ఉంది. నా చెయ్యి బరువు, అందుకని రేఖని కిందికి లాగాను. పెట్టె మీద 8192 ఒత్తిడి స్థాయిలు అని ఎంత పెద్దగా రాసినా, ఈ రేఖ కుదరకపోతే అన్నీ దండగే.

అదే రోజు సాయంత్రం: టీఎంపీ ఫోల్డరు

ఈ సెటప్ మొత్తానికీ ముఖ్యమైన పేజీ ఇది. కోడుకీ కుంచెకీ మధ్య అసలు గొడవ ఇక్కడ బయటపడింది.

డెబియన్ 13లో టీఎంపీ (తాత్కాలిక ఫైళ్ల) ఫోల్డరు డిస్కు మీద ఉండదు. టీఎంపీఎఫ్‌ఎస్ పేరుతో ర్యామ్‌లో ఉంటుంది, ర్యామ్‌లో సగం వరకు పెరగొచ్చు. నా లెక్కన 16 జీబీ. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన మెషీన్లలో అయితే 10 రోజులు వాడని ఫైళ్లని సిస్టమే ఊడ్చేస్తుంది కూడా. కంపైల్ చేసేవాడికి ఇది పండగే. వేల చిన్న చిన్న తాత్కాలిక ఫైళ్లు డిస్కు ముఖం చూడకుండానే పుట్టి పోతాయి.

ఇప్పుడు బ్లెండర్ వైపు చూడండి. లినక్స్ మీద దాని డిఫాల్ట్ రెండర్ ఔట్‌పుట్ టీఎంపీ ఫోల్డరే. 1920×1080 సైజులో నాలుగు చానళ్ల 16 బిట్ ఫ్రేము, కంప్రెస్ చేయకపోతే 16.6 ఎంబీ. సెకనుకి 24 ఫ్రేముల చొప్పున అర నిమిషం యానిమేషన్ అంటే 720 ఫ్రేములు, దాదాపు 12 జీబీ. అదంతా ర్యామ్‌లోకి పోయి కూర్చుంటుంది, సీన్‌కి కావాల్సిన ర్యామ్‌నే తింటూ. రాత్రంతా రెండర్ చేసి పొద్దున మెషీన్ రీస్టార్ట్ చేస్తే ఫ్రేములన్నీ గోవిందా. బ్లెండర్ ఆటోసేవ్ ఫైళ్లూ మామూలుగా అక్కడికే వెళ్తాయి. కరెంటు పోయినప్పుడు పనికిరావాల్సిన ఫైళ్లు, కరెంటుతో పాటే పోతాయి.

క్రీటా ఇంకో అడుగు ముందుంది. పెద్ద కాన్వాస్ మీద లేయర్లు పెరిగి ర్యామ్ చాలకపోతే అది స్వాప్ ఫైల్లోకి దించుతుంది. ఆ స్వాప్ ఫైలు ఎక్కడుంటుంది? సిస్టమ్ తాత్కాలిక ఫోల్డర్లో. అంటే ర్యామ్ చాలక దించినది మళ్లీ ర్యామ్‌లోకే!

దీన్ని సరిచేయడానికి రెండు దారులు. సర్వీసులు నడిపే సిస్టమ్‌డీలో టీఎంపీ మౌంట్‌ని మాస్క్ చేసి (మొదలవకుండా ఆపి) రీస్టార్ట్ చేస్తే ఆ ఫోల్డరు మళ్లీ డిస్కు మీదికి వస్తుంది. లేదా ప్రోగ్రాముల్లోనే దారి మార్చాలి. మొదటిది ఒక్క కమాండ్ పని. కానీ దాంతో కోడు వైపు లాభం పోతుంది, పైగా కింద కదపకూడదన్న నియమం ఉంది కదా. రెండోదే చేశాను. బ్లెండర్ ప్రిఫరెన్సెస్‌లో ఫైల్ పాత్స్ కింద తాత్కాలిక ఫైళ్లకి రెండో డిస్కులో ఒక ఫోల్డరు ఇచ్చాను. స్టార్టప్ ఫైల్లోనే రెండర్ ఔట్‌పుట్ మార్చి సేవ్ చేశాను, కాబట్టి ప్రతి కొత్త ఫైలూ సరైన చోటుతోనే తెరుచుకుంటుంది. క్రీటాలో పెర్‌ఫార్మెన్స్ పేజీలో స్వాప్ ఫైలు చోటు మార్చి, ర్యామ్ వాటా కూడా తగ్గించాను, పక్కన కంపైలర్ కూడా బతకాలి కాబట్టి.

బ్లెండర్‌ని డెబియన్ ప్యాకేజీ మేనేజర్ ఆప్ట్ నుంచి కాకుండా వాళ్ల సైట్ నుంచి టార్ ఫైలుగా తెచ్చి హోమ్‌లో విప్పాను. 4.5 ఎల్‌టీఎస్, 2025 జులైలో వచ్చింది, రెండేళ్ల సపోర్టు. వెర్షన్ల సెట్టింగులు వేర్వేరు ఫోల్డర్లలో ఉంటాయి, కొత్తది పక్కన పెట్టుకుని చూసినా పాతదానికి ఢోకా లేదు. క్రీటా యాప్‌ఇమేజ్ (ఒకే ఫైలుగా వచ్చే ప్రోగ్రాము) కూడా అంతే.

ఆదివారం: ధ్వని

లినక్స్‌లో ఆడియో అంటే భయపడే రోజులు పోయాయి. పైప్‌వైర్ అనే ఆడియో సర్వర్ వచ్చాక పాత పల్స్ఆడియో, జాక్ రెండిటి పనీ ఒకటే చూసుకుంటోంది. నా ఇంటర్‌ఫేస్ యూఎస్‌బీ ఆడియో ప్రమాణాన్ని పాటించే రకం కాబట్టి డ్రైవరు ఊసే రాలేదు.

చూడాల్సింది క్వాంటమ్, అంటే ఒక్కో విడతకి ఎన్ని శాంపిళ్లు అన్నది. మామూలుగా 1024. సెకనుకి 48000 శాంపిళ్ల దగ్గర అది 21.3 మిల్లీసెకన్లు. వీడియో చూడటానికి హాయి. కానీ హెడ్‌ఫోన్లో మన గొంతు మనమే వింటూ పాడితే ఆలస్యం తెలిసిపోతుంది. 128కి దించితే ఒక విడత 2.7 మిల్లీసెకన్లు. రానూ పోనూ కలిపి, పైన యూఎస్‌బీ ఆలస్యం కలిపి ఇంకా ఎక్కువే అవుతుంది, అయినా పాడటానికి ఇబ్బంది లేదు. సిస్టమ్ మొత్తానికి 128 పెట్టడం అనవసరం. రికార్డింగు ప్రోగ్రామైన ఆర్డర్‌ని (Ardour) పీడబ్ల్యూ-జాక్ కమాండ్ ద్వారా నడుపుతూ, పైప్‌వైర్ లేటెన్సీ వేరియబుల్‌ని ఆ ఒక్క ప్రోగ్రామ్‌కే ఇచ్చే చిన్న లాంచర్ రాశాను.

అసలు పరీక్ష: రికార్డింగు నడుస్తుండగా పక్కన 16 థ్రెడ్లతో రస్ట్ బిల్డు. పైప్‌వైర్ పనితీరు చూపించే పీడబ్ల్యూ-టాప్ తెరిచి ఎర్రర్ కాలమ్ చూస్తూ కూర్చుంటే, 128 దగ్గర అంకె అప్పుడప్పుడు పెరుగుతోంది, పెరిగినప్పుడల్లా హెడ్‌ఫోన్లో టిక్కుమని చప్పుడు. 256 దగ్గర నిలకడగా ఉంది. బిల్డుని 12 థ్రెడ్లకి కుదించి, నైస్ 19తో (అన్నిటికన్నా తక్కువ ప్రాధాన్యంతో) నడిపితే 128 కూడా నిలబడింది. సీపీయూ వేగం నిర్ణయించే గవర్నర్‌ని రికార్డింగు పూట పెర్‌ఫార్మెన్స్‌కి మార్చే లైను కూడా అదే లాంచర్లో చేర్చాను. 6.12 నుంచి రియల్‌టైమ్ ప్యాచ్‌లు ప్రధాన కెర్నల్లోనే ఉన్నాయి, డెబియన్‌లో ఆర్‌టీ కెర్నల్ ప్యాకేజీ కూడా దొరుకుతుంది. గొంతు రికార్డింగుకి అంత దూరం వెళ్లక్కర్లేదు.

రంగుల సంగతి తొందరగా తేల్చేశాను. మానిటర్‌ని కలరీమీటర్‌తో కొలిచి, ఐసీసీ ప్రొఫైల్‌ని (రంగుల సవరణ ఫైలుని) ప్లాస్మా డిస్‌ప్లే సెట్టింగుల్లో ఆ ఒక్క మానిటర్‌కే ఇచ్చాను. పాత మానిటర్ టెర్మినల్‌కి, డాక్యుమెంటేషన్‌కి. దాని మీద రంగు చూసి నిర్ణయం తీసుకోకూడదు, అంతే.

గురువారం: దాచుకోవడం

ఎస్‌వీజీ టెక్స్ట్ ఫైలే కాబట్టి ఇంక్‌స్కేప్ బొమ్మలు గిట్‌లో హాయిగా ఉంటాయి, ఏ లైను మారిందో కనిపిస్తుంది. బ్లెండర్ ఫైళ్లు బైనరీ, అవి పెద్ద ఫైళ్ల కోసం ఉన్న గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్‌కి. క్రీటా ఫైలు నిజానికి జిప్. దాన్ని విప్పితే లోపల మెర్జ్‌డ్‌ఇమేజ్ పేరుతో పూర్తి సైజు పీఎన్‌జీ దొరుకుతుంది. పది లైన్ల పైథాన్ స్క్రిప్టు ఒకటి రాశాను. అది ఫోల్డర్లోని ప్రతి క్రీటా ఫైల్లోంచి ఆ పీఎన్‌జీని బయటికి తీసి పెడుతుంది, క్రీటా తెరవకుండానే. రెండు వైపుల పనీ ఒకే మెషీన్ మీద ఉన్నందుకు ఇలాంటివే లాభం.

బ్యాకప్‌కి రెస్టిక్, బయటి డిస్కు మీదికి. ఫైళ్లని ముక్కలు చేసి, మారిన ముక్కలనే కొత్తగా దాస్తుంది. అందుకే బ్లెండర్‌లో సేవ్ చేసేటప్పుడు కంప్రెస్ ఆప్షన్ ఆఫ్‌లోనే ఉంచాను. కంప్రెస్ చేస్తే చిన్న మార్పుకే ఫైల్లో చాలా భాగం వేరే బైట్లుగా మారిపోతుంది, బ్యాకప్ ఊరికే ఉబ్బుతుంది. ఫైలు పెద్దదైనా బ్యాకప్ చిన్నదవుతుందన్నమాట. హోమ్ ఫోల్డర్‌ని ఖాళీ డిస్కు మీదికి రీస్టోర్ చేసి, అందులోంచి ఒక బ్లెండర్ ఫైలు, ఒక ఆర్డర్ సెషన్, ఒక రస్ట్ ప్రాజెక్టు తెరిచి చూశాను. మూడూ తెరుచుకున్నాయి.

ఇంకా మిగిలింది బ్లెండర్ రెండర్ ఇంజను సైకిల్స్‌తో రెండరింగుని గ్రాఫిక్స్ కార్డు మీద నడపడం. ఏఎండీకి దానికోసం హెచ్ఐపీ రన్‌టైమ్ కావాలి, అది ఏఎండీ వాళ్ల ఆర్‌ఓసీఎమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో భాగం, బరువైన సరుకు. దాన్ని డెబియన్‌లోకి దించను. కార్డు డివైజ్ ఫైళ్లని ఒక డిస్ట్రోబాక్స్ కంటైనర్‌కి చూపించి, రెండర్ గ్రూపులో యూజర్‌ని చేర్చి, బ్లెండర్‌ని లోపల్నుంచి నడిపి చూస్తాను. అప్పటిదాకా చిన్న సీన్లకి బ్లెండర్‌లోని వేగమైన ఇంజను ఈవీ, పెద్దవాటికి సీపీయూ మీద సైకిల్స్. అలా రెండర్ నడిచే రాత్రి బిల్డులు ఉండవు.